మూడో చక్రం దాకా

అచ్చు యంత్రాలు బాగుచేసే ఆ ఫిట్టర్‌ని ప్రెస్సులో అందరూ ముని అనేవారు. యంత్రం మొరాయిస్తే ఆయన ముందు స్పానర్ పట్టడు. స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. మోటారు దగ్గర మొదలుపెట్టి బెల్టునీ, పళ్ళచక్రాలనీ, రోలర్లనీ మనసులోనే తిప్పుకుంటూ పోయి, ఎక్కడ పట్టేస్తోందో తేలాక కళ్ళు తెరుస్తాడు. "ముని తపస్సులో ఉన్నాడు, దగ్గకండ్రా!" అని నవ్వుకునేవారు. ముప్పై ఏళ్ళలో ఆయన అంచనా తప్పింది లేదు.

యాభై ఆరో ఏట మెదడులో రక్తం గడ్డకట్టింది. వారం ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. మాట పోలేదు, చెయ్యి పడిపోలేదు. గండం గడిచిందని భార్య ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఒక్కడే చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మాత్రం బల్ల మీద తొమ్మిది చెక్కముక్కలు పరిచి, కొన్నింటిని వరసగా తాకి, "ఇలాగే మీరూ తాకండి" అంది. రెండు తాకాడు. మూడోది తోచలేదు.

"చూసినదాన్ని కాసేపు మనసులో నిలుపుకునే శక్తి దెబ్బతింది. కొన్నాళ్ళు యంత్రాల జోలికి వెళ్ళకండి."

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. నెల తిరక్కుండానే పనిలోకి వెళ్ళాడు.

ఆ రోజు రోలర్ల మధ్య కాగితం ఇరుక్కుంది. కళ్ళు మూసుకున్నాడు. మొదటి చక్రం తిరిగింది, రెండోది దానికి ఎదురు తిరిగింది, మూడోదాని దగ్గరకొచ్చేసరికి మొదటిది మాయమైంది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. ఒళ్ళంతా చెమట.

పన్నెండేళ్ళుగా తనతో పనిచేస్తున్న బావమరిది కాగితం లాగడానికి వంగాడు.

"బావా, నువ్వు చక్రం తిప్పితే రోలర్లు ఎటు తిరుగుతాయి? చెయ్యి పెట్టనా?"

తెలియదనడానికి నోరు రాలేదు.

"బయటికే. పెట్టు."

చక్రం తిప్పాడు. రోలర్లు లోపలికి తిరిగాయి. రెండు వేళ్ళ కొసలు నలిగిపోయాయి.

ఆస్పత్రిలో బావమరిదే యజమానితో, "నేనే తొందరపడ్డానండీ" అన్నాడు. పక్కనే ఉన్న ముని అది వినలేకపోయాడు.

"కాదండీ. నాకేమీ కనబడలేదు. తెలియకుండానే చెప్పాను."

బావమరిది ఆయన వైపు తిరిగాడు. "తెలీదని ఒక్క ముక్క అనొచ్చుగా, బావా?"



మర్నాడు స్పానర్లు అప్పగించేశాడు. యజమాని జాలిపడి కాగితం గోదాములో పనిచ్చాడు. విషయమంతా తెలిసి భార్య, "నాతోనైనా చెప్పలేదేం?" అని ఏడ్చింది.

బావమరిది వేళ్ళు మానాయి గానీ చొక్కా గుండీలు పెట్టుకోవడం ఇప్పటికీ కష్టమే. అప్పుడప్పుడూ వస్తాడు. వంటింట్లో అక్కతో మాట్లాడి, అటునుంచి అటే వెళ్ళిపోతాడు.