బస్తాడు ఉల్లిపాయల ఏడుపు

నేను చదివే వేగం ఎలాంటిదంటే, చోడవరం కాంప్లెక్సులో బస్సు బోర్డు మీద ‘మాడుగుల’ అని కూడబలుక్కుని పూర్తి చేసేలోగా, ఆ బస్సు మాడుగుల చేరిపోయి జనం దిగి హల్వా తింటూ ఉంటారు. అందుకే బస్సులెక్కడం మానేసి ఆటో కొనుక్కున్నాను. ఈ జోకు మా ఆటోస్టాండులో అందరికీ తెలుసు. మా అత్తగారికి మాత్రం తెలియనివ్వలేదు. పెళ్ళిమాటలప్పుడు మావాళ్ళు కుర్రాడు పదోతరగతి అని చెప్పేశారు. నిజానికి ఐదుతోనే బడికి దండం పెట్టేశాను. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది గానీ, పుట్టింట్లో ఎక్కడా నోరు జారలేదు.

మొన్నామధ్య అత్తగారు కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉన్నారు. నల్లకళ్ళద్దాలు, చుక్కల మందు. టీవీ చూడొద్దన్నారు డాక్టరు. “సూడొద్దన్నారు గానీ ఇనొద్దన్లేదు కదేటి” అని ఆవిడ టీవీకి వీపు పెట్టి కూర్చునేవారు.

సాయంత్రాలు మా ఆవిడ ఒక విదేశీ సీరియల్ పెట్టేది. అందులో రక్తం తాగే పిశాచాలు ఏ శ్మశానంలోనూ దాక్కోవు. మనుషుల మధ్యే దర్జాగా అద్దె ఇళ్ళలో ఉంటాయి, నైట్ డ్యూటీలు చేస్తాయి, కొట్టుకెళ్ళి రక్తం సీసాలు కొనుక్కుంటాయి. మాటలు వాళ్ళ భాషలో, కింద తెలుగు అక్షరాలు. మా ఆవిడ జాకెట్లకి హుక్కులు కుడుతూ ఆ అక్షరాలు పైకి చదివేది, వాళ్ళమ్మ వినేవారు.

ఆవేళ మా ఆవిడ కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్ళింది. సీరియల్ మొదలైపోయింది.

“మీరు సదవండి బాబూ, కత ఎల్లిపోతంది” అన్నారు అత్తగారు.

తలనొప్పి అని చెప్పొచ్చు. ఆటోస్టాండులో పనుందని లేచిపోవచ్చు. కానీ నా నోరు ఎప్పుడూ నాకంటే ముందే బయల్దేరుతుంది. అక్షరాలు చూస్తే, ఒకదాన్ని పట్టుకునేలోగా మిగతావి పారిపోతున్నాయి. ఇక బొమ్మ చూసి సొంతంగా కథ అల్లడం మొదలుపెట్టాను.

“ఈడు పిశాచం అల్లుడు అత్తయ్యా. అత్తోరింటికొచ్చేడు. ఆవిడెంత వడ్డించినా ముద్ద ముట్టుకోడు.”

“ఆ అత్త అదురుష్టవంతురాలు” అన్నారావిడ.

దెబ్బ నా తిండి మీదే. అయినా నాకు సంబరమేసింది. కిందటేడు మామగారు పోయాక ఆవిడ అలా వెటకారమాడడం అదే మొదలు. దాంతో ఊపొచ్చి ఇంకా రెచ్చిపోయాను.

ఇంతలో తెర మీద ఒక గది వచ్చింది. మంచం మీద ఒక మనిషి, ఎముకల గూడులా ఉన్నాడు. తలుపు దగ్గర పాలిపోయిన మొహంతో పిశాచం. మంచంమీది మనిషి భార్య ఆ పిశాచం కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది.

“ఎవరు బాబూ, అలాగ ఏడుస్తన్నారు?”

ఆ ఏడుపు దేనికో నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆగిపోతే నా పదోతరగతి బయటపడిపోతుంది.

“ఉల్లిపాయలు కోస్తందత్తయ్యా. రాత్రికి పిశాచాలకి బోజనాలంట.”

“బస్తాడు కోస్తందేటి, ఇంతేడుపు!” అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు మధ్యలోనే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

“ఏటమ్మా, అంత నవ్వు?”

“మీ ఆయన సెప్తన్నారే. ఉల్లిపాయలు కోస్తందంట ఆ యమ్మ!”

మా ఆవిడ టీవీ వైపు చూసి, రోజూ ఉన్న అలవాటు కొద్దీ చదివేసింది. “తెల్లారేదాకా ఉండడంటున్నారు. ఈయన్నీ మీలాగే పిశాచంగా మార్చేయండి. ఏ రూపంలో ఉన్నా సరే, నా మనిషి నాకుంటే చాలు.”

చదివేశాక నా మొహం చూసి నాలుక కరుచుకుంది.

అత్తగారి నవ్వు ఆగిపోయింది. మామగారిని మాడుగుల నుంచి ఆసుపత్రికి తెచ్చింది నా ఆటోలోనే. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, “మంచాన పడున్నా సరే, ఉంటే సాలు” అని దారంతా ఆవిడ ఏడుస్తూనే ఉన్నారు. ముందు సీట్లో కూర్చుని ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. ఇప్పుడు అదే ఏడుపుని ఆవిడకే జోకు చేసి వినిపించాను.

ఆవిడ నల్లకళ్ళద్దాల కిందకి కొంగు పోనిచ్చారు. “కళ్ళు తడవకూడదన్నారమ్మా” అంటూ మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. నేను టీవీ కట్టేసి పెరట్లోకి పోయి, తుడవక్కర్లేని ఆటోని తుడుస్తూ నిలబడ్డాను. ఆ పూట అన్నానికి పిలిచినా లోపలికి వెళ్ళలేకపోయాను.

మర్నాడు పొద్దున్న టీ గ్లాసు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

“నాకు సదువు లేదత్తయ్యా. ఐదుతో మానేసేను. ఆ కింద అచ్చరాలు గబగబా పారిపోతన్నాయి, అందక అలాగనీసేను.”

ఆవిడ గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క తాగారు.

“ఏడుపుక్కూడా కింద అచ్చరాలుండాలేటి బాబూ?” అన్నారు.