మా బావ కొత్త డ్యూటీ

మా బావ చెక్క పాలిష్ పనివాడు. ఆయన చెయ్యి పడ్డ బీరువా తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని మా అక్క గొప్పలు పోయేది. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పూత మీద పూత వేయడం ఆయన పని. పని అయ్యాక అలసట తీరడానికి సీసా మొదలుపెట్టాడు. తర్వాత పనికి ముందే కావాల్సి వచ్చింది. చేతులు వణికి పూత చారలు కట్టడంతో షెడ్డు మేస్త్రి పనిలోంచి తీసేశాడు. ఆపైన బావ గోడవైపు తిరిగి పడుకోవడం, లేచి తాగడం తప్ప ఇంకేమీ చేయలేదు.

తాగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బావంటే మాత్రం ప్రాణం. నేను వాళ్లింటి ముందు గదిలోనే బట్టలు కుడతాను. నా దగ్గర కుట్టించుకునే నర్సమ్మ ఒకావిడ తాగుడు మాన్పించే వైద్యం సంగతి చెప్పింది. ముందు ఆసుపత్రిలో పడుకోబెట్టి వణుకు తగ్గించారు. ఆ తర్వాత పగటి వైద్యం. పొద్దున వెళ్లాలి, మాత్ర నర్సు ఎదుటే మింగాలి, నలుగురితో కూర్చుని మనసులో ఉన్నది మాట్లాడాలి, సాయంత్రం ఇంటికి రావాలి.

"తాగుడూ దిగులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయమ్మా, రెండింటికీ కలిపే మందివ్వాలి" అంది డాక్టరమ్మ. "రాత్రిళ్లు ఇక్కడ ఉంచుకోం. ఆయన బతకాల్సింది మీ వీధిలో. అక్కడ ఏం కష్టమొచ్చిందో మర్నాడొచ్చి మాకు చెప్పాలి."

ఆ వీధి అంటేనే మా అక్కకు హడల్. బావకి పెద్ద ఫర్నిచర్ కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చిందని అందరికీ చెప్పేసింది. ఇస్త్రీ చొక్కా తొడిగి, కేరేజీ చేతికిచ్చి పంపేది.

"డ్యూటీకా అన్నయ్యా?" అని ఎదురింటావిడ పలకరించేది.

"డ్యూటీకే చెల్లెమ్మా" అని బావ తల వంచుకుని వెళ్లేవాడు.

నేను ఊరుకుంటానా! "జీతం పెంచారా బావా?" అని ఏడిపించేదాన్ని.

"పెంచారే పిల్లా, ఇవాళ ఒక మాత్ర ఎక్కువిచ్చారు" అనేవాడు. చాలా కాలం తర్వాత ఆయన నోట హాస్యం విని నాకు కళ్లు చెమర్చాయి. చేతుల వణుకు కూడా పోయింది. ఒక సాయంత్రం నా కుట్టు మిషను బల్లను నూనె గుడ్డతో రుద్ది అద్దంలా చేసి పెట్టాడు.

అప్పుడు డాక్టరమ్మ, ఇక వారానికి రెండు రోజులు వస్తే చాలంది. మిగతా రోజులు ఇంటిపట్టునే ఉండాలి, స్పిరిట్ జోలి లేని పని వెతుక్కోవాలి, మనసు తాగుడువైపు గుంజినప్పుడు పిలవడానికి ఇరుగుపొరుగులో ఒకరిద్దరికి సంగతి తెలిసి ఉండాలి.

"ఎదురింటివాళ్లకి చెప్పేద్దామే. ఈ అబద్ధం నేను మోయలేను" అన్నాడు బావ.

"ఇన్నాళ్లూ చెప్పింది నేను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను?" అంది అక్క. "ఇంకొన్నాళ్లు మీరు రోజూ కేరేజీ పట్టుకుని వెళ్లండి. ఎక్కడో అక్కడ కూర్చుని సాయంత్రం రండి."

"నీకు మతి పోయిందా అక్కా?" అని గట్టిగానే తగులుకున్నాను. "నలుగురిలో తిరిగేది నేను, నువ్వు కాదు" అని నా నోరు మూయించింది. బావ కేరేజీ అందుకున్నాడు.

పార్కులో కూర్చున్నాడు, బస్టాండులో కూర్చున్నాడు. మంచి చొక్కా వేసుకుని రోజంతా ఊరికే కూర్చునే మనిషిని ఎవరు పలకరిస్తారు? ఒకరోజు వాన పట్టుకుంది. తలదాచుకోవడానికి ఆయనకు తెలిసిన చోటు పాత షెడ్డే. మేస్త్రి జాలిపడి కుర్చీ వేసి, సరుకు దింపడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి స్పిరిట్ డబ్బా మూత తీసి ఉంది, బావ నేల మీద ఉన్నాడు. కేరేజీలో అన్నం ముట్టలేదు.

పాలిష్‌లో కలిపే ఆ స్పిరిట్ తాగితే విషం. ప్రాణం దక్కింది గానీ రెండు కళ్లూ పోయాయి.

అక్క ఆసుపత్రి వరండాలో తల బాదుకుని ఏడ్చింది. ఏడ్చి, ఇంటికొచ్చి, కంపెనీలో కళ్లల్లో యాసిడ్ పడిందని వీధికి చెప్పింది. ఆ రోజు దాన్ని కొట్టాలనిపించింది నాకు.

పగటి వైద్యం మళ్లీ మొదలుపెట్టమన్నారు. మొదటి రోజు పొద్దున అక్క ఒక చేత్తో కేరేజీ, ఇంకో చేత్తో బావ చెయ్యి పట్టుకుని గడప దిగింది. నేను వెనకాలే ఉన్నాను. ఎదురింటావిడ పరుగున వచ్చింది.

"కళ్లు లేని మనిషిని కూడా డ్యూటీకి రమ్మన్నారా వదినా? వాళ్లసలు మనుషులేనా?"

అక్క కేరేజీ కింద పెట్టింది.

"కంపెనీ లేదు వదినా" అంది అక్క. మళ్లీ పెద్దగా, వీధి మొత్తానికి వినపడేలా అంది. "ఏ కంపెనీ లేదు. తాగుడు మాన్పించే చోటుకి తీసుకెళ్తున్నాను. మొదట్నుంచీ వెళ్తున్నది అక్కడికే."

బావ చప్పున అక్కవైపు ముఖం తిప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూడాలనుకున్నాడు.