జబ్బు లేనివాడికి చేసిన స్కాన్

2018లో నేను పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో సోనాలజిస్టుగా పనిచేస్తున్నాను. అంటే అల్ట్రాసౌండ్ పరీక్షలు చేసే డాక్టర్ని. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం దాకా కడుపు స్కాన్లు, గర్భిణుల స్కాన్లు, మెడ రక్తనాళాల డాప్లర్లు. ఆ ఏడాది మాకు కొత్త మెషిన్ వచ్చింది. పై అంతస్తులో కూర్చునే న్యూరాలజిస్టు సుధాకర్ గారు నన్ను పిలిచి, దీంతో మెదడు కూడా చూడొచ్చు, నేర్చుకుంటావా అని అడిగారు. అప్పటికి పదకొండేళ్ళుగా అవే పొట్టలు చూస్తున్నదాన్ని, ఎగిరి గంతేశాను.

పుర్రె ఎముక అల్ట్రాసౌండ్‌ని లోపలికి పోనివ్వదు. కాని చెవికి కాస్త ముందు, కణత దగ్గర, ఎముక పలచగా ఉంటుంది. దాన్ని టెంపోరల్ విండో అంటాం. అక్కడ ప్రోబ్, అంటే చేత్తో పట్టుకునే స్కాన్ పరికరం, ఆనించి చూస్తే మెదడు మధ్యలో ఉండే మిడ్‌బ్రెయిన్ నల్లటి సీతాకోకచిలుక ఆకారంలో కనిపిస్తుంది. అందులో సబ్‌స్టాన్షియా నైగ్రా అని చిన్న చోటు ఉంది. పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినే కణాలు అక్కడే ఉంటాయి. ఆ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. మెరిసినంత మేరా చుట్టూ గీత గీసి ఎంత ఉందో కొలుస్తాం. ఒక హద్దు దాటితే ఎక్కువ అని రిపోర్టులో రాస్తాం. ఇది ఒక్కటే జబ్బును తేల్చదు. రోగిని నడిపించి, చేతులు కదిలించి చూసి డాక్టరు అనుకున్నదానికి ఆసరా మాత్రమే. జబ్బు లేని కొందరికి కూడా అక్కడ మెరుస్తుంది, వాళ్ళలో చాలామందికి ఆ జబ్బు ఎప్పటికీ రాదు.

ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా చేసిన తప్పు గురించే రాస్తున్నాను.

ఆ సెప్టెంబరులో యాదమ్మ అనే ఆమె వచ్చింది. యాభై రెండేళ్ళు. బల్కంపేటలో ఉంటుంది, ఒక స్కూల్లో ఆయా. కుడి చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతోంది, నడక చిన్నదైంది. అది పార్కిన్సన్సేనని సుధాకర్ గారికి దాదాపు తేలిపోయింది. నాకు అలవాటు కావాలని స్కాన్‌కి పంపారు. ఆమె వెంట తమ్ముడు శ్రీశైలం వచ్చాడు. ముప్పై ఆరేళ్ళు. అమీర్‌పేటలో ఒక కాంప్లెక్సులో లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. స్క్రీన్లు, కీబోర్డులు మార్చే రకం కాదు. చిప్‌లెవల్ అంటారు, బోర్డును మైక్రోస్కోప్ కింద పెట్టి, బియ్యపు గింజ కంటే చిన్న భాగాలను తీసి కొత్తవి అతికిస్తాడు.

"మీరేం చూస్తున్నరో జర నాకు సుత చెప్పుండ్రి మేడమ్" అన్నాడు.

అలా అడిగేవాళ్ళు మాకు అరుదు. గోడకు రోగుల కోసం ఇంకో మానిటర్ ఉండేది. అందులో చూపిస్తూ యాదమ్మ మెదడును అతనికి వివరించాను. తెల్లగా మెరుస్తున్న చోటు చూపించి, "ఇదే. మామూలు వాళ్ళకి ఇలా కనిపించదు" అన్నాను. గొప్పగానే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కొత్త పరీక్ష నేర్చుకునేటప్పుడు జబ్బు లేనివాళ్ళను కూడా చూడాలి, లేకపోతే కొలతలో తేడా తెలియదు. మా రిసెప్షనిస్టును, ల్యాబ్ వాళ్ళను అప్పటికే చూసేశాను. కొత్తవాళ్ళు కావాలి. యాదమ్మ లేచి కూర్చున్నాక, "ఐదు నిమిషాలు పడుకుంటారా, నార్మల్ ఎలా ఉంటుందో మీకూ చూపిస్తాను" అని శ్రీశైలాన్ని అడిగాను. కాగితం లేదు, సంతకం లేదు. అతను సంతోషంగా బూట్లు విప్పి పడుకున్నాడు.

కుడివైపు ప్రోబ్ పెట్టగానే సీతాకోకచిలుక స్పష్టంగా వచ్చింది. దానితోపాటే తెల్లటి మచ్చ. అక్కదానికంటే ఒక పిసరు పెద్దదే. కొలవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. గోడమీద మానిటర్ ఆపాలన్న ఆలోచన నాకు రాలేదు.

"మేడమ్, అక్కకు మెరిసింది గదే కదా?"

"అది అందరికీ కొంచెం ఉంటుందిలెండి."

"మామూలోళ్ళకు కనబడదని ఇప్పుడే అన్నరు గదా."

"కొందరికి జబ్బు లేకపోయినా ఉంటుంది. మీకేమీ కాదు."

అతను లేచి కూర్చున్నాడు. కణత మీది జెల్ కూడా తుడుచుకోలేదు. "రాదని రాసిస్తరా మరి?"

రాసివ్వలేను. ఏ డాక్టరూ రాసివ్వలేడు. ఆ ముక్క చెప్పడానికైనా ఒక పద్ధతి ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అరగంట మాట్లాడాలి. బయట తొమ్మిదిమంది ఉన్నారు. "సుధాకర్ గారితో మాట్లాడండి" అని పంపేశాను. అతను అక్కను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. పైకి వెళ్ళలేదు.

మర్నాడు సుధాకర్ గారితో చెప్తే ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఎవరడిగారమ్మా నిన్ను?" అన్నారు. ఆయన రెండుసార్లు ఫోన్ చేయించారు. శ్రీశైలం "వస్త సార్" అన్నాడు, రాలేదు. నేను మాత్రం ఫోన్ చెయ్యలేదు. సిగ్గుతో చెయ్యలేదు, తర్వాత పనిలో పడి మర్చిపోయాను. రెండోది మొదటిదాని కంటే పెద్ద తప్పని ఇప్పుడనిపిస్తుంది.

ఏడాది దాటింది. ఒకరోజు సుధాకర్ గారు కిందికి ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆయన ఎదురుగా శ్రీశైలం, పక్కన అతని భార్య స్వప్న. మొదట అతన్ని నేను గుర్తుపట్టలేదు. మొహంలో ఏ భావమూ లేదు. రెప్ప వాలడానికి చాలాసేపు పడుతోంది. రెండు చేతులూ తొడలమీద వణుకుతున్నాయి.

"వచ్చింది మేడమ్" అన్నాడు. గొంతు కూడా సన్నబడింది. "మీరు చూసింది నిజమే."

తర్వాతి సంగతి స్వప్న చెప్పింది. "ఆ దినం ఇంటికొచ్చినప్పటి సంది గిట్లనే సార్. పొద్దుగాల లేస్తనే చెయ్యి చాపి చూసుకుంటుండు. ఛాయ్ గ్లాసు కూడ రెండు చేతుల్ల పట్టుకుంటుండు. బోర్డు ముంగట కూసుంటే చెయ్యి అదురుతుందని పని పార్ట్‌నర్‌కిచ్చేసిండు. నిజంగ అప్పుడు ఏం అదురలే, నేను చూసిన గదా. ఇంకో పాప కావాలనుకున్నం. గా మాటెత్తితే, వద్దు, మా రక్తంల ఉంది, దానికి సుత అంటుకుంటది అన్నడు."

సుధాకర్ గారు అడిగారు. "ఏమైనా మందులు వాడుతున్నాడా?"

శ్రీశైలం తల అడ్డంగా ఊపాడు. స్వప్న అతని వైపు చూడకుండా సంచిలోంచి ఒక పాలిథీన్ కవరు తీసి బల్లమీద పెట్టింది. అందులో అన్నీ ఖాళీ స్ట్రిప్పులే.

అక్కకు రాసిన పార్కిన్సన్స్ మాత్రలనే అతను తానూ వేసుకోవడం మొదలుపెట్టాడట. ముందే వేసుకుంటే జబ్బు రాదనుకున్నాడు. అలా ఆపే మందు ఏదీ లేదు. ఆ మాత్రలతో కడుపులో వికారం, వాంతులు మొదలయ్యాయి. మెడికల్ షాపులో చెప్తే వాంతులు ఆగడానికి ఒక పాత మాత్ర ఇచ్చారు. మూడు వారాలకు అక్క మాత్రలు మానేశాడు. వికారం మాత్రం పోలేదు, భయంతో తిండి సరిగా తినడంలేదు మరి. దాంతో వాంతుల మాత్ర రోజుకు మూడు చొప్పున తొమ్మిది నెలలు వేసుకున్నాడు. అది నాలుగైదు రోజులకైతే పరవాలేదు. నెలల తరబడి వేసుకుంటే మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. అంటే పార్కిన్సన్స్ వస్తే ఏమవుతుందో అదే తెచ్చిపెడుతుంది. వణుకు, బిగుసుకుపోవడం, మొహం రాయిలా మారడం.

సుధాకర్ గారు స్ట్రిప్పు తిప్పి పేరు చదివి నావైపు తోశారు.

"మందువల్ల వచ్చిందా, అసలు జబ్బా అని తేల్చుకోవడానికే నీ స్కాన్ బాగా పనికొచ్చేది. మందువల్ల అయితే సాధారణంగా అక్కడ మెరవదు. ఇతనికి ముందునుంచే మెరుస్తోంది. ఇక నీ మెషిన్ ఏం చెప్తుంది?"

ఏమీ చెప్పదు. న్యూక్లియర్ స్కాన్ ఒకటుంది, డోపమైన్ కణాలను నేరుగా చూపిస్తుంది. సుధాకర్ గారు ఆ మాట అనగానే శ్రీశైలం లేచి నిలబడ్డాడు. "ఇంకో స్కాన్ వద్దు సార్. కాళ్ళు మొక్కుత." ఆ తర్వాత ఎవరం బలవంతపెట్టలేదు.

మిగిలింది ఒకటే దారి. మాత్ర ఆపి ఎదురుచూడటం. మందువల్ల అయితే నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోతే జబ్బే. ఆ నెలల్లో నేను ప్రతి రెండు వారాలకూ అతన్ని రమ్మనేదాన్ని. ఏ పరీక్షా లేదు, ఊరికే చూసేదాన్ని. నడిపించి చూసేదాన్ని. కాగితం మీద గుండ్రటి సున్నాలు రాయించేదాన్ని. రెండోసారి వచ్చినప్పుడు, "నేను అడగకపోతే మీరు పడుకునేవారు కాదు. తప్పు నాది" అన్నాను. అతను మొహం ఎత్తలేదు. "తప్పొప్పులతోని చెయ్యి ఆగుతదా మేడమ్" అన్నాడు.

రెండు నెలలకు రెప్పలు మామూలుగా కొట్టుకోవడం మొదలైంది. మూడో నెలలో ఎడమచెయ్యి నిలిచింది. కుడిచెయ్యి ఇంకో రెండు నెలలు ఏడిపించింది. ఆ రెండు నెలలూ నాకు సరిగా నిద్రలేదు. చివరికి అదీ ఆగింది. సుధాకర్ గారు అటూ ఇటూ వంచి, తిప్పి, నడిపించి చూసి, "ఇప్పుడు నీకు ఏ జబ్బూ లేదయ్యా" అన్నారు. స్వప్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

శ్రీశైలం తన చెయ్యి తనే చూసుకుంటూ ఉండిపోయాడు. "ఇప్పుడు లేదు సార్. రేపొద్దుగాల?"

అతను మళ్ళీ మైక్రోస్కోప్ ముందు కూర్చోలేదు. స్వప్న బతిమాలింది, పార్ట్‌నర్ ఇంటికి వచ్చి పిలిచాడు. బేగంపేటలో ఒక ఆఫీసులో పార్సిళ్ళు తీసుకుని సంతకం పెట్టే పనిలో చేరాడు. ఆమె అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ వంటింట్లో చేరింది. రెండో బిడ్డ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. ఒంటికి వచ్చింది మాత్ర ఆపితే పోయింది. నా స్కాన్ తెచ్చినది పోలేదు. అతనికి ఆ జబ్బు ఎప్పటికైనా వస్తుందో రాదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

యాదమ్మ నా దగ్గరికి ఒక్కసారే మళ్ళీ వచ్చింది, లాక్‌డౌన్ తర్వాత, గాల్‌బ్లాడర్ చూపించుకోవడానికి. అప్పటికి గొంతు బాగా తగ్గింది, బల్ల ఎక్కడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. స్కాన్ అయ్యాక కిందికి దిగి చెప్పులు వేసుకుంటూ అంది.

"డాక్టరమ్మా, నా జబ్బు నాకు దేవుడిచ్చిండు. వానికి మీరిచ్చిన్రు."

కోపంగా అనలేదు. ఆమె మొహంలో కోపం చూపించే శక్తి అప్పటికి లేదు. నేను ఆమె రెండో చెప్పు సర్ది తొడిగాను.

పదకొండేళ్ళు యంత్రం చూపించింది చూసి రాయడమే నా పని అనుకున్నాను. చూడటానికి ముందు అడగడం, చూశాక ఎదురుగా కూర్చుని చెప్పడం, చెప్పాక మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళి పలకరించడం, ఇవి వేరే ఎవరి పనో అనుకున్నాను. మెదడు స్కాన్లు మానలేదు. వణుకుతో వచ్చినవాళ్ళకు అవి నిజంగా ఉపయోగపడటం చాలాసార్లు చూశాను. వెంట వచ్చినవాళ్ళను మాత్రం బల్ల ఎక్కించను. గోడమీద మానిటర్ తీయించేశాను. ఎవరినైనా పడుకోబెట్టేముందు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాను. ఇందులో మీరు అడగనిది కనిపించవచ్చు, దానివల్ల జబ్బు వస్తుందో రాదో నేను చెప్పలేకపోవచ్చు, అయినా చూడమంటారా అని అడుగుతాను.

పోయిన నెల ఒకామె ఆ మాట విని హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని, "అయితే వద్దులెండి" అని లేచి వెళ్ళిపోయింది. మా రిసెప్షనిస్టు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి పిలవబోయింది. వద్దన్నాను.