తలుపు వెలుగులో తీసిన ఫోటో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి ఇటే వస్తుంది. ఫోటో స్టూడియోలో పనేముంటుంది, కూర్చోబెట్టి బటన్ నొక్కడమేగా అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

కరోనా సద్దుమణిగిన మరుసటేడు. రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర మా స్టూడియో. నేను చదివింది ఏడో తరగతే. కెమెరా పట్టడం మావారు నేర్పారు. మా పనిలో ఒక పద్ధతి ఉండేది. మగవాళ్లకి సైడ్ లైట్, అంటే పక్క నుంచి పడే దీపం. మీసం, దవడ గట్టిగా కనబడతాయి. ఆడవాళ్లకి ఎదురుగా ఫ్రంట్ లైట్. ముఖం నున్నగా వస్తుంది. ఏ దీపం స్టాండు ఎక్కడ నిలబెట్టాలో మావారు నేల మీద రంగుతో గుర్తులు కూడా వేశారు. గుమ్మంలోకి ఎవరైనా రాగానే, ముఖం సరిగ్గా చూడకముందే మా చేయి స్టాండు మీదకి పోయేది.

ఒక మధ్యాహ్నం కోరుకొండ వైపు నుంచి తల్లీబిడ్డా వచ్చారు. తల్లి మరియమ్మగారు పొలం పనులు చేసుకునే మనిషి, ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర కట్టుకొచ్చారు. బిడ్డ పేరు కిరణ్. కురచ జుట్టు, ఇస్త్రీ చొక్కా, చెవులకి జుంకాలు, పై పెదవి మీద సన్నటి నూగుమీసం. తాను ఆడా కాదు, మగా కాదు అని కిరణ్ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారట. ఆ మాట వినిపించుకోవడానికి తల్లికి చాలా ఏళ్లు పట్టిందట.

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో కిరణ్‌కి ఉద్యోగం వచ్చింది. చేరడానికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఆధార్‌లో రెండు జడల ఆడపిల్ల, ఎదురుగా ఈ మనిషి. కార్డు ఎవరిదని నవ్వారట. సరైన కార్డు తెచ్చుకోవడానికి ల్యాబువాళ్లు రెండు నెలలు గడువిచ్చారు, ఆ తరువాత ఉద్యోగం ఇంకొకరికి. నెట్‌లో దరఖాస్తు పెడితే కలెక్టర్‌గారి నుంచి ట్రాన్స్‌జెండర్ కార్డు వస్తుందని, అది చూపిస్తే ఆధార్‌లో కూడా ఆడ, మగ అని కాకుండా మార్పించుకోవచ్చని కిరణే మాకు చెప్పారు. దానికే ఈ ఫోటో.

ముందు మావారు తీశారు. ఫ్రంట్ లైట్ పెట్టి తీసి, అలవాటుకొద్దీ రీటచ్ చేసేశారు. కంప్యూటర్లో మచ్చలు, నూగు చెరిపేయడాన్ని మేం అలా అంటాం. ఎంతమంది పెళ్లికూతుళ్లకి ఆ ఉపకారం చేశారో!

కిరణ్ ఆ ఫోటో చాలాసేపు చూశారు. "బాగుందండి అంకుల్. కానీ ఇది పట్టుకెళ్తే గేటు దగ్గర మళ్లీ ఆపేస్తారు."

మావారు సైడ్ లైట్ వైపు నడిచారు. మరియమ్మగారు ఫోటోల కోసం మేం గోడకి తగిలించిన కోటు చూపించి, "పోనీ అది తొడిగేసి, జుంకాలు తీసేయండి. ఏదో ఒకటైతే చాలండి" అన్నారు.

"ఏదో ఒకటి అవడానికైతే ఇంత దూరం ఎందుకమ్మా, బస్సు ఛార్జీ దండగ" అన్నారు కిరణ్.

అప్పుడు కెమెరా నేను తీసుకున్నాను. రెండు దీపాలూ ఆర్పేసి, వీధి తలుపు తెర పక్కకి లాగేసి, స్టూలు గుమ్మం దగ్గరికి జరిపాను. వెలుగు బాగుంది గానీ ముఖానికి ఒక పక్క నీడ పడింది. నీడ ఉన్న ఫోటో ఆఫీసుల్లో తీసుకోరు. అందుకని రిఫ్లెక్టర్ పట్టాలి. అది తెల్లటి థర్మాకోల్ అట్టే, వెలుగుని తిప్పి ముఖం మీదకి కొడుతుంది. మావారు వెనక తెల్లగుడ్డ పట్టుకున్నారు. అట్ట మరియమ్మగారికి ఇచ్చాను. అది పట్టుకోవాలంటే వీధిలో, అందరికీ కనబడేలా నిలబడాలి. ఆవిడ కాస్త ఆగి, చెప్పులు వేసుకుని మెట్టు దిగారు.

పక్క టీకొట్టు దగ్గర తలలు ఇటు తిరిగాయి. ఒకాయన గ్లాసు పట్టుకుని, "ఏంటండీ, ఆడా మగా?" అన్నారు. కిరణ్ తల వాలిపోయింది. నేను కెమెరా దించేశాను.

మరియమ్మగారు అట్ట కదపకుండా అటు చూశారు. "ఉద్యోగానికి ఫోటో తీయించుకుంటున్న మనిషండి. మీరు టీ తాగండి బాబూ, చల్లారిపోద్ది."

ముందుగా ఆ గ్లాసు పట్టుకున్న ఆయనే నవ్వారు. కిరణ్‌కీ నవ్వొచ్చింది. ఆపుకుని, తలెత్తి, సూటిగా నావైపు చూశారు. అప్పుడు నొక్కాను. రీటచ్ చేయలేదు. జుంకాలు, నూగుమీసం, కళ్లలో ఆగిపోయిన నవ్వు, అన్నీ అలాగే ఉంచాం.

గడువులోపే కార్డు వచ్చింది, ఆధార్ మారింది. ఉద్యోగంలో చేరాక ఇద్దరూ మళ్లీ వచ్చారు. ల్యాబువాళ్లు మెడకి ఇచ్చిన కార్డు మీద కూడా అదే ఫోటో. గేటు దగ్గర కార్డు చూసి ఏమన్నారని అడిగాను.

"గుడ్ మార్నింగ్ అన్నారండి ఆంటీ" అన్నారు కిరణ్.

కిరణ్ సరేనంటే ఆ ఫోటో పెద్దది చేసి మా గోడకి పెట్టాను. మరోసారి వచ్చినప్పుడు దాన్ని చూసిన మరియమ్మగారు, బెంచీ మీద కూర్చున్న ఎవరో తెలియని వాళ్లకి చెబుతున్నారు: "ఆ వెలుగు పట్టింది నేనేనండి."

నేల మీద గుర్తులు మావారు గీకేశారు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ముఖం చూస్తాం, దీపం సంగతి తరువాత. కెమెరా పట్టిన ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న పెద్ద పని అదే.

మీ ఇంట పుట్టిన ఎవరూ మొహం దాచుకోవాల్సిన రోజు రాకూడదు. మీ గుమ్మంలో ఎప్పుడూ వెలుగుండాలి, ఆ వెలుగు పట్టే చేతులు చల్లగా ఉండాలి.