ఆఖరి బుధవారం పచ్చగడ్డి

ఏడాది పొడుగునా కడుపు కోసం నడిచే మనిషిని, దొరక్క దొరికిన ఒక్క సెలవు నాడు ఆరోగ్యం కోసం నడవమనడం ఏం న్యాయమో పెద్దలే తేల్చాలి. కరీమాబాద్‌లో పరుపులు ఏకే ఫకీర్ మహమ్మద్ విషయంలో పెద్దలు ఆ సంగతి ఎప్పుడో తేల్చేశారు. నడవమన్నారు.

అతని వృత్తే నడక. పొద్దున్నే దూదేకే నిలువెత్తు విల్లును కుడిభుజానికి తగిలించుకుని బయల్దేరేవాడు. దాని నరం మీద ఒక్క దెబ్బ కొడితే 'టంయ్' మని వాడ చివరి దాకా వినబడేది. ఆ చప్పుడుకు తలుపులు తెరిచి, మనుషుల బరువు మోసి మోసి రాయిలా తయారైన పరుపులను అరుగుల మీద పడేసేవారు. అతను వాటి కుట్లు విప్పి, దూది ఏకి, మళ్లీ మబ్బుల్లా చేసి ఇచ్చేవాడు. విల్లు మోసిన భుజం కిందికి జారిపోయింది. దర్జీ అతని చొక్కాకు ఒక్కో భుజానికి ఒక్కో కొలత తీసుకునేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క పరుపూ ఆ ఏడు జబ్బు మనిషి కిందికి వెళ్లింది కనుక, అతనిది చాప.

జబ్బు మనిషి అతని భార్య ఫాతిమా బేగం. టైఫాయిడ్ తగ్గి దవాఖాన నుంచి వచ్చి నెల దాటినా ఆమె వాకిలి దాటలేదు. లేచి నిలబడితే గోడ పట్టుకునేది. గోడ లేనిచోట నిలబడేదే కాదు. డాక్టరు జ్వరం పోయిందన్నాడు. జ్వరం పోతూ పోతూ మనిషిలోంచి ఇంకేం తీసుకుపోయిందో ఆయన చెప్పలేదు.

ముస్లింల సఫర్ నెలలో ఆఖరి బుధవారాన్ని ఆఖ్రీ చార్‌షంబా అంటారు. జబ్బుపడ్డ ప్రవక్త ఆ రోజు కాస్త తేరుకుని బయటికి వచ్చారని నమ్మకం. అందుకని ఆనాడు ఇంటిల్లిపాదీ ఊరి బయట తోటల్లోకి పోయి, చెప్పులు విడిచి పచ్చగడ్డి తొక్కుతారు. చెట్టు కింద కూర్చుని, బెల్లం పిండితో నూనెలో వేయించిన గుల్‌గులాలు తింటారు. ఒంట్లోని రోగాలన్నీ అరికాళ్ల గుండా నేలలోకి దిగిపోతాయని ఫకీర్ మహమ్మద్ తల్లి వజీరా చెప్పేది. అవి దిగిపోతుంటే తాను కళ్లారా చూసినట్టే చెప్పేది.

చిక్కల్లా చంద్రుడితో వచ్చింది. ఆ నెలలు చంద్రుడి వెంట నడుస్తాయి, చంద్రుడికి ఎండాకాలం వానాకాలం పట్టింపు లేదు. ఏటా కొన్ని రోజులు ముందుకు జరుగుతూ ఆ బుధవారం కాలాలన్నీ తిరిగి వస్తుంది. ఎనభైలలో సంసారాలు మొదలుపెట్టిన వారికి వానలు వెలిసిన వేళ మోకాలెత్తు పచ్చిక దొరికింది. డెబ్భైలలో మొదలుపెట్టిన ఫకీర్ మహమ్మద్ వాటాకు ఎండలొచ్చాయి. ఫాతిమా జబ్బుపడ్డ డెబ్భై మూడులో ఎండలకు కరువు కూడా తోడైంది.

"ఇగో, ఈ ఏడు పచ్చగడ్డి తొక్కకపోతె నేను లేవ" అంది ఫాతిమా ముందు రోజు. ఏడవలేదు, అరవలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. అందుకే అతనికి భయం వేసింది. దవాఖానలో చేర్పించిన నాటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

బుధవారం పొద్దున రిక్షాలో ముందు ఊళ్లోని పార్కుకు వెళ్లారు. అక్కడ కాపలా ఉండే మొగిలయ్య బీడీ ముట్టించుకుంటూ నేల వైపు చూపించాడు.

"గడ్డా? పోయిన వానకాలం ఉండె."

రిక్షా వారిని ఖిల్లా దగ్గర దింపి వెళ్లిపోయింది. అక్కడి నుంచి నడక. ముందు ఫకీర్ మహమ్మద్, అతని భుజం మీద కూతురు చాంద్‌బీ. విల్లు లేని భుజం వెలితిగా ఉంటుందేమోనని ఆ పిల్ల రిక్షా దిగీ దిగకముందే ఎక్కి కూర్చుంది. వెనక గుల్‌గులాల డబ్బాతో వజీరా, ఆమె భుజం పట్టుకుని ఫాతిమా. మట్టికోట దాటి సీతాఫలం చెట్లలోకి దిగారు. ఆకు లేని కొమ్మలు, కింద ఎండిన గడ్డి పరకలు. చెట్లన్నీ ఎవరో ఈకలు పీకినట్టు నిలబడి ఉన్నాయి.

అతను ఒక్కడూ ముందుకు పోయి చూసి రావడం, లేదని చెప్పడం, అందరూ ఇంకాస్త నడవడం, అతను మళ్లీ ముందుకు పోవడం. ఇలా అందరూ ఒకసారి నడిచిన దారిని అతను మూడుసార్లు నడిచాడు. దూరం నుంచి పచ్చగా కనబడ్డ ప్రతిదీ దగ్గరికి వెళితే జిల్లేడో తుమ్మో అయ్యేది. ఆ కరువులో పచ్చగా బతకాలంటే పాలు విషమన్నా కావాలి, ఒళ్లంతా ముళ్లన్నా ఉండాలి. పూసిన మోదుగులు మాత్రం ఎవరి పెళ్లికో వచ్చినట్టు ఎర్రగా నిలబడ్డాయి.

"నాయినా, అగో పచ్చగ!" అంది పైనుంచి చాంద్‌బీ.

"అది వేపచెట్టు బిడ్డా."

"వేపచిగురు పచ్చదే గదరా ఫకీరూ" అంది వజీరా ఆశగా.

"చెట్టెక్కి తొక్కుమంటవా అమ్మా నీ కోడల్ని?"

వెనక ఫాతిమా నవ్విందో దగ్గిందో అతనికి తెలియలేదు. తిరిగి చూసే ఓపిక లేదు. ఇప్పచెట్ల కింద రాలిన పూలు ఏరుకుంటూ వజీరా కాసేపు ఆగింది. ఆ ఆగిన కాసేపట్లోనే అతను నిలబడి ఒక కునుకు తీశాడు. భుజం మీది పిల్ల చెవి పట్టి లేపింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక కనబడింది. పాత మోటబావి పక్కన గుంటెడు జాగాలో నిజమైన పచ్చగడ్డి, లేతగా, తడిగా. చుట్టూ తుమ్మకంప. కంప లోపల కొడవలితో ఒక ఆడమనిషి, ఆమె వెనక గుంజకు కట్టిన బర్రె. కొడవలి మనిషి పేరు కట్టమ్మ. ఉన్న బర్రెల్లో ఒక్కటి తప్ప అన్నీ అమ్ముకుంది. ఆ ఒక్కదాని కోసం, బావిలో ఊరే కాసిన్ని నీళ్లూ చేదతో తోడి పోస్తూ ఆ గడ్డిని బతికిస్తోంది.

"ఓ సాయిబూ, ఆడ్నే ఆగు! ఏం గావాలె?"

"గడ్డి అక్కా."

"మేకలున్నయా?"

"లెవ్వు. తొక్కుతం."

కట్టమ్మ కొడవలి కిందికి దించింది. కరువులో అడుక్కునేవారిని చూసింది, దొంగతనానికి వచ్చినవారినీ చూసింది. ఇంత నెమ్మదిగా, కుటుంబంతో సహా వచ్చి తొక్కుతామన్నవారిని చూడలేదు.

"నేను నీళ్లు మోసి మోసి పెంచిన. మీరచ్చి తొక్కుతరా? మరి నా బర్రె ఏం తినాలె, నీ టోపీనా?"

అతను ఆఖ్రీ చార్‌షంబా గురించి, టైఫాయిడ్ గురించి, పార్కు గురించి ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయాడు. ఆమె పరుపులు జన్మాంతం ఉత్తగా ఏకుతానన్నాడు. తనకు పరుపు లేదంది కట్టమ్మ. దిండు ఏకుతానన్నాడు. చెయ్యి తల కింద పెట్టుకుంటానంది. ఇక అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. కంప పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"వద్దు తియ్యి" అంది ఫాతిమా. "నోరులేని జీవి నోటికాడిది తొక్కి నేను లేస్తనా? పోదాం పా."

ఆమె వెనక్కి తిరిగింది. అత్త భుజం కోసం చెయ్యి చాపింది, అందలేదు, తూలి నిలదొక్కుకుంది. కట్టమ్మ అది చూసింది.

"నిలవడు చెల్లె. యాడికి పోతవ్ గీ ఎండల? సాయంత్రం మేతకు ఎట్లయినా కొయ్యాల్సిందే. ఇప్పుడే కోస్త, తొక్కిపోరి. గని జర కాళ్లు కడుక్కొని తొక్కుండ్రి, నా బర్రెకు శుభ్రమెక్కువ."

కోసి, మోపెడు గడ్డి బావి పక్క వేపచెట్టు నీడలో కుప్పగా పడేసింది. కోసిన గడ్డి లెక్కలోకి వస్తుందా అన్న ధర్మసందేహం వచ్చింది. అందరూ వజీరా వైపు చూశారు. వజీరా పండితుల సభలో కూర్చున్నంత గంభీరంగా ఒక పరక తుంచి వాసన చూసింది.

"పచ్చగున్నంత సేపు గడ్డే" అని తీర్పు చెప్పింది.

కానీ కుప్ప కుప్పగానే ఉంది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. అది చూసి ఊరుకోవడం ఫకీర్ మహమ్మద్ వల్ల కాలేదు. పిల్లను దింపి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిక్కులు విడదీసి, గడ్డిని చేతులతో ఎగరేసి, మూలలు సర్ది, అంచులు కొట్టి సమంగా పరిచాడు. వేల పరుపులు చేసిన చేతులు కాబట్టి వాటికి అలసట సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

"మంచిగ చేస్తాండు గని" అంది కట్టమ్మ, "గింత ముచ్చటగ మా బర్రెకు ఎన్నడు పెట్టలే."

చేదెడు నీళ్లతో అందరూ పొదుపుగా పాదాలు తడుపుకున్నారు. ఫాతిమా చెప్పులు విడిచి గడ్డి మీద కాలు పెట్టింది. కళ్లు మూసుకుంది. ఒక అడుగు, ఇంకో అడుగు. చాంద్‌బీ దొర్లింది. వజీరా దువా చదువుతూ తొక్కింది. కాసేపు చూసి కట్టమ్మ కూడా కొడవలి పక్కన పెట్టింది.

"నాయీ మోకాళ్లు నొస్తానయ్ పెద్దమ్మా. నేను తొక్కితె పన్జేస్తదా?"

"పాదం పాదమేనాయె బిడ్డా. తొక్కు. ముందుగాల గీ గుల్‌గులా తిను."

ఫకీర్ మహమ్మద్ మాత్రం గడ్డి మీద నిలబడలేదు. మెత్తదనం పరీక్షిద్దామని ఒక అంచున కూర్చున్నాడు. సమంగా ఉందో లేదో పూర్తిగా తెలియాలంటే వీపు ఆనించి చూడాలనిపించింది. ఆనించాడు. భూమి మీద మెత్తగా పడుకునే హక్కు తనకూ ఉందని అతని నడుముకు అప్పుడే గుర్తొచ్చింది. తర్వాత ఏం జరిగిందో అతనికి తెలియదు.

మెలకువ వచ్చేసరికి నీడ అటు తిరిగిపోయింది. ఎవరో భుజం తడుతున్నారు. కళ్లు తెరిస్తే మీద ఫాతిమా వంగి ఉంది. ఆమె చేతిలో గోడ లేదు, అత్త భుజమూ లేదు. పాప ఆమె చంకలో ఉంది. మట్టికోట నుంచి ఇక్కడిదాకా నడిచి వచ్చిన మనిషి ఆమె అని అతనికి అప్పుడు తట్టింది. గడ్డి కోసం చూస్తూ దారి పొడుగునా ఆమెను చూడనేలేదు.

కాళ్ల దగ్గర ఏదో వేడిగా ఊపిరి వదిలింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"లేవయ్యా" అంది ఫాతిమా. "బర్రెను ఇడిసిండ్రు. పరుపు తింటాంది."