కర్ర మొన దగ్గర చెయ్యి

బల్ల మీద కర్రతో బంతులు కొట్టే పూల్ ఆట ఎమ్లిన్ ప్రాసర్ ఆడుతుంటే చూడడానికి ఓపిక ఉండాలి. ఆ లోయలో పనివాళ్ళ క్లబ్బుకు వచ్చేవాళ్ళలో అంత ఓపిక ఉన్నవాడు ఒక్కడూ లేడు. బల్ల అంచు కన్నం, అదే పాకెట్, దాని ఒడ్డునే ఆగి, పసిపిల్ల తుమ్మినా లోపల పడేట్టున్న బంతిని కూడా ఆయన కర్రతో కొలిచేవాడు.

కొలవడమంటే పెద్ద మంత్రమేం కాదు. పాకెట్ నుంచి బంతి మధ్యగా ఒక గీత పోతుందనుకుని, ఆ గీత వెంబడే కర్రను పెట్టి, మొనను బంతికి వెనకాల సగం బంతి ఎడంలో గుడ్డకు ఆనించాలి. కర్రతో కొట్టిన తెల్లబంతి వచ్చి దానికి తగిలే క్షణంలో ఉండాల్సిన చోటు అదే. అక్కడ బంతి ఉండదు, ఉందని అనుకోవాలి. తర్వాత మొన కదలకుండా పిడిని తిప్పుకుంటూ తెల్లబంతి వెనక్కి వచ్చి, లేని ఆ బంతి మీదే చూపు నిలిపి కొట్టాలి. క్లబ్బుల మధ్య పోటీలు నడిపే లీగ్ పెట్టిన షరతు ఒక్కటే. కొలిచినంతసేపూ కర్ర మీద ఒక చెయ్యైనా ఉండాలి. కర్రను బల్ల మీద వదిలేసి రెండు చేతులూ తీస్తే ఫౌల్, ఎదుటివాళ్ళకు రెండు దెబ్బలు, అంటే బంతిని కొట్టడానికి రెండు అవకాశాలు.

ఈ విద్య ఆయనది కాదు, భార్య నెస్టాది. ఎమ్లిన్ ముప్పై ఏళ్ళు రొట్టెల బండి నడిపాడు. ఇంట్లో ఒక మేకు తిన్నగా కొట్టిన పాపాన పోలేదు. నెస్టా ఆడవాళ్ళ లోదుస్తులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. కంటితో చూసి అర అంగుళం చెప్పేది. ఒకసారి మిషన్ సూది కుడిచేతి చూపుడువేలి గోట్లోంచి దిగిపోయింది. గోరు మళ్ళీ వచ్చింది గానీ దాని నడుమ ఒక నల్లని చార చచ్చేదాకా ఉండిపోయింది.

క్లబ్బులో ఆడవాళ్ళు కర్ర పట్టుకోకూడదని నిబంధన. ఎందుకయ్యా అంటే, బల్ల మీది గుడ్డ చిరుగుతుందట! పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుడ్డతోనే బతికే మనిషి చేతిలో గుడ్డ చిరుగుతుందని తీర్మానించిన ఆ మగమహారాజుల తెలివికి ఏ పేరు పెట్టాలో నాకైతే తెలీదు. మధ్యాహ్నాలు జనం లేనప్పుడు బార్ చూసుకునే మనిషి చూడనట్టు అటు తిరిగి గ్లాసులు తుడుచుకునేవాడు. అప్పుడు నెస్టా మొగుణ్ణి బల్ల ముందు నిలబెట్టి గుడ్డ మీద వేలు పెట్టేది.

"బంతిని చూడకు. నా వేలు చూడు," అనేది.

మ్యాచ్ రోజున మాత్రం ఆమె పక్క గదిలో, తలుపు దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఎమ్లిన్ వేలికి బదులు కర్ర మొనతో కొలుచుకునేవాడు. ఆ నిబంధన తీసేసే నాటికి నెస్టాకు మణికట్లు వాచిపోయి కప్పు ఎత్తడమే కష్టమైంది. "చేతులు పోయాక పిలుస్తారా, సిగ్గులేని వెధవలు," అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఎంత కడుపుమంట ఉందో ఎమ్లిన్‌కు తెలుసు.

ఆ వాచిన చేతిని ఆయన సాయంత్రాలు పట్టుకు కూర్చునేవాడు. ఒక చేత్తో ఆమె చెయ్యి, ఇంకో చేత్తో పేపరు. ఆమెకు ఒళ్ళు మండేది. ఒంటి చేత్తో పట్టుకునేది బస్సులో కమ్మీని, పెళ్ళాన్ని కాదు అనేది.

రెండేళ్ళ కిందట మార్చిలో, కొండ అవతలి ఆసుపత్రిలో, ఆమె మూడు రోజులు మాటా పలుకూ లేకుండా పడి ఉంది. మూడో రోజు తెల్లవారాక కళ్ళు తెరిచింది.

"రెండు చేతులతో పట్టుకో, ఎమ్. వదలకు."

పట్టుకున్నాడు. గంటన్నర పట్టుకున్నాడు. ఆమె మళ్ళీ నిద్రలోకి జారింది. ఆయన నోరు పిడచకట్టింది. వరండా చివర టీ మిషను. వెళ్ళి రావడానికి నాలుగు నిమిషాలు, గోడ గడియారం చూసుకునే వెళ్ళాడు. కప్పుతో తిరిగొచ్చేసరికి నెస్టా పోయింది, ఆత్మ బయటికి వెళ్ళాలని నర్సు కిటికీ తెరుస్తోంది. చాలామంది అలాగే, అయినవాళ్ళు పక్కకు వెళ్ళేదాకా ఆగి అప్పుడు ప్రాణం వదులుతారని నర్సు ఓదార్చింది. ఆ మాట ఆయనకు ఎక్కలేదు. ఆ రోజు నుంచి టీ ముట్టలేదు, ఎందుకని అడిగితే కడుపులో మంట అన్నాడు.

అక్టోబరులో మళ్ళీ ఆడడానికి వచ్చాడు. మొదటి మ్యాచ్‌లో, మొదటి బంతికి, కర్ర మొన గుడ్డకు ఆనించగానే పక్కన ఒక గోరు కనబడింది. నడుమ నల్లని చార. మొన ఒక పిసరు తప్పు చోట ఉంది, గోరు సరైన చోట ఉంది. ఆయన మొనను జరిపి కొట్టాడు. బంతి పడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు గోరు కనబడలేదు, దెబ్బ బాగుందన్నారు. ఎమ్లిన్ తర్వాతి బంతికి కర్ర ఆనించాడు.

ఒంటరిగా ప్రాక్టీసు చేస్తే రాలేదు. ఇంట్లో ఆమె కుర్చీలో లేదు, సమాధి దగ్గర చలిగాలి తప్ప ఏమీ లేదు. మ్యాచ్‌లోనే వచ్చేది, కర్ర ఆనించినప్పుడే వచ్చేది. బతికి ఉండగా రానివ్వని చోటికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేకుండా వస్తోందని ఆయనకు అర్థమైంది. క్రిస్మస్ నాటికి వేలు మొత్తం కనిపించింది, తర్వాత రెండు వేళ్ళు, వేసవికి మణికట్టు దాకా. అందుకే అడ్డమైన ప్రతి బంతినీ కొలిచాడు. భయం లేదని కాదు. ఇంటికెళ్ళి దీపం ఆర్పడానికి జంకేవాడు. అయినా మ్యాచ్ ఉండే ఆదివారం మళ్ళీ ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచునేవాడు.

ఈ ఫిబ్రవరిలో ఒకసారి సాహసించి, కుడిచేత్తో కర్ర పట్టుకునే ఎడమచెయ్యి చాపాడు. ఆ చెయ్యి వెనక్కి పోయింది. విసురుగా కాదు, అలిగినట్టు. ఒంటి చేత్తో చాపినందుకేనని ఆయనకు వెంటనే తెలిసింది. రెండు చేతులూ చాపితే కర్ర వదలాలి. జట్టంతటి ఆట తన చేతిలో ఉండగా ఎలా వదులుతాడు?

ఈలోగా అవతలి క్లబ్బులవాళ్ళు గోల పెట్టారు. ఎమ్లిన్ ఒక్క బంతి కొలిచేలోపు తాము ఒక గ్లాసు బీరు తాగి రావచ్చన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఓడినవాళ్ళందరికీ ఆయన కర్రే సాకు. లీగ్ సమావేశంలో చేతులెత్తి తీర్మానించారు. వచ్చే సీజన్ నుంచి కర్ర ఆనించి కొలవడం నిషిద్ధం. జట్టు కెప్టెన్ ఐవర్, చిన్ననాటి స్నేహితుడు, ఆ కబురు కాస్త సంతోషంగానే చెప్పాడు. అంటే ఇక మిగిలింది ఒక్కటే మ్యాచ్, మే నెల చివరి ఆదివారం మధ్యాహ్నం. అది గెలిస్తే క్లబ్బుకు నలభై ఏళ్ళలో మొదటిసారి, గోడకు తగిలించుకునే లీగ్ షీల్డు.

ఆ రోజు వాన. టేబుల్ మీద చీజూ ఉల్లిపాయా రోల్సు, వెనిగర్‌లో ఊరిన గుడ్లు, మూలన టీ డ్రమ్ము. నాలుగూ నాలుగూ సమం. ఆఖరి ఆట ఎమ్లిన్‌ది, ఎదురుగా అవతలి జట్టు లౌరి. ముప్పై ఏళ్ళ పిల్ల, బస్సు డ్రైవరు, రెండేళ్ళుగా లీగ్‌లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ ఆటంతా ఎమ్లిన్ ఒక్కో బంతికీ కర్ర ఆనించాడు. చెయ్యి మాత్రం రాలేదు. మొన దగ్గర వట్టి పచ్చగుడ్డ. చివరికి ఇద్దరి బంతులూ అన్నీ పడ్డాయి. నడిమి పాకెట్ దగ్గర నల్లబంతి ఒక్కటి మిగిలింది. అది వేస్తే షీల్డు.

ఐవర్ దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "ఒరేయ్, ఇది కళ్ళు మూసుకుని వేసేది. నీకు దణ్ణం పెడతాను, కొలవకు."

ఎమ్లిన్ కర్ర ఆనించాడు.

వచ్చింది. ఈసారి మోచేతి దాకా ఉంది. అరచెయ్యి పైకి తిరిగి ఉంది. మణికట్టు వాపు, గోటి మీద చార, ఆసుపత్రిలో సూది గుచ్చినచోట కమిలిన మచ్చ. చోటేమీ చూపించడం లేదు. అడుగుతోంది.

ఎమ్లిన్ షీల్డు సంగతి ఆలోచించలేదంటే అబద్ధం. ఐవర్ ముఖం చూశాడు. గోడ మీద నలభై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న మేకు చూశాడు. తర్వాత కర్రను నెమ్మదిగా బల్ల మీద పడుకోబెట్టి, వంగి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

చల్లగా ఉంది. ఆ తర్వాత అంత చల్లగా లేదు.

"ఫౌల్," అన్నాడు రిఫరీ హెడ్లీ. ఆయనకు నెస్టా పెదతల్లి కూతురే, అయినా నిబంధన నిబంధనే. "లౌరికి రెండు దెబ్బలు."

ఐవర్ తల పట్టుకుని గోడవైపు తిరిగాడు. లౌరి కర్రకు చాక్ రాసుకుంటూ వచ్చి నిలబడింది. ఎమ్లిన్ బల్ల మీద నుంచి లేవలేదు. గుడ్డ మీద రెండు చేతులూ దోసిలిలా మూసి, అలాగే వంగి ఉన్నాడు.

"బాబాయ్, కాస్త చేతులు తీస్తావా?" అంది లౌరి.

"నాలుగు నిమిషాలమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "నాలుగే. గడియారం చూస్కో."

హెడ్లీ ఏదో అనబోయాడు. లౌరి కర్ర నేలకు ఆనించి, ఆయన్ని ఉండనివ్వమంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వాన చప్పుడు, టీ డ్రమ్ము చప్పుడు, అంతే. మూడో నిమిషంలో ఎమ్లిన్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని ఐవర్‌కు తెలిసి, వచ్చి వెనకాల నిలబడ్డాడు.

నాలుగు నిండుతుండగా ఆయన చేతుల మధ్య బరువు తగ్గింది. ఈసారి ఆయన వెళ్ళలేదు, ఆమే వెళ్ళింది. చేతులు విప్పి చూశాడు. గుడ్డ మీద ఏమీ లేదు. కర్ర తీసుకుని పక్కకు జరిగి లౌరికి దారిచ్చాడు.

ఆమె కొలవకుండానే నల్లబంతి వేసింది. షీల్డు వాళ్ళదైంది.

ఐవర్ తిడతాడనుకున్నారు. వాడు తిట్టలేదు. డ్రమ్ము దగ్గరికెళ్ళి, మతిమరుపు మనిషి, ఎమ్లిన్ టీ తాగడని కూడా గుర్తులేక ఒక కప్పు నింపి తెచ్చిచ్చాడు. ఎమ్లిన్ దాన్ని రెండు చేతులతో అందుకుని, చల్లారకముందే తాగేశాడు.