ఎడమవైపు పెట్టిన మౌస్‌లు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. నేను కంప్యూటర్లు బాగుచేసి బతికినదాన్ని. మిషన్ ఆన్ కాకపోతే ముందు ప్లగ్గు చూస్తాను, తర్వాత వైరు, ఆ తర్వాత లోపల విప్పుతాను. ఎక్కడో ఒకచోట కారణం దొరుకుతుంది. దొరక్కపోతే నాకు చేతకాలేదనుకుంటాను గానీ దయ్యం పట్టిందనుకోను. కుప్పంలో జరిగింది కూడా అలాగే, ఏది ఎంతవరకు తెలుసో అంతవరకే చెబుతాను.

మాది పుంగనూరు. నాన్నకు బజారులో కిరాణా అంగడి ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనూ మా తమ్ముడు గిరీ కలిసి మదనపల్లెలో ఒక బట్టలషాపు మేడమీద కంప్యూటర్ సెంటర్ పెట్టాం. పిల్లలకు పాఠాలు నేను చెప్పేదాన్ని. మిషన్లు కూర్చడం, రిపేర్లు వాడు చూసుకునేవాడు.

గిరికి లినక్స్ పిచ్చి. బెంగళూరు నుంచి ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీ తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి వాడికి వేరే ధ్యాస లేదు. కంప్యూటర్ నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా ఎక్కించుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. అది చెప్పేటప్పుడు వాడి ముఖం చూడాలి. ఊరందరికీ పెళ్ళిభోజనం పెడుతున్నవాడిలా ఉండేవాడు.

"అక్కా, దీంట్లో దాపరికమే లేదు. ఎవురన్నా సూడొచ్చు, ఎవురన్నా బాగుచెయ్యొచ్చు. నువ్వు గూడా నేర్చుకో."

నేను నేర్చుకోలేదు. సెంటర్లో ఏదో ఒక మిషన్ ఎప్పుడూ విప్పి ఉండేది, నేను పాఠం చెప్పాల్సిన దానిమీదే వాడు లినక్స్ ఎక్కిస్తూ కూర్చునేవాడు. పైగా గిరిది ఎడమచేతి వాటం. వాడు కూర్చుని లేచిన ప్రతి మిషన్ దగ్గరా మౌస్ ఎడమవైపుకు వెళ్ళిపోయేది. వచ్చిన పిల్లలు దాన్ని మళ్ళీ కుడివైపుకు లాక్కుంటూ, "సార్ కూసున్యాడు ఈడ" అని నవ్వుకునేవాళ్ళు.

కుప్పంలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు పాత కంప్యూటర్లు కొని, ల్యాబ్ పెట్టమని గిరికి అప్పజెప్పారు. అన్నిటిమీదా లినక్సే పెడతానని వాళ్ళను ఒప్పించాడు. వాడి జీవితంలో పెద్ద పని అదే. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. చివరిసారి వెళ్ళినప్పుడు అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"అన్నిట్లోకీ ఎక్కించేసినానక్కా. స్క్రీనే రాలేదు. ఇంగొక్కసారి వస్తే అయిపోతాది."

ఆ రోజుల్లో లినక్స్‌కి మానిటర్ సంగతి మనమే చెప్పాలి. అది తెరమీద ఎంత వేగంగా గీతలు గీయగలదో ఒక ఫైల్లో అంకెలు రాయాలి. అంకె కుదరకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. అవి రకరకాల పాత మానిటర్లు, ఒక్కోదానికి ఒక్కో అంకె.

గిరి ఆ ఇంకొక్కసారి వెళ్ళలేదు. ఆ సాయంత్రం బస్సు దిగేటప్పటికే ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం మెదడుకు పాకిందన్నారు. తిరుపతికి తీసుకుపోయాం. మాట పోయింది, తర్వాత స్పృహ పోయింది. వారం తిరక్కుండానే వాణ్ణి వ్యాన్‌లో పుంగనూరుకు తెచ్చుకున్నాం. వాడికి ఇరవై నాలుగేళ్ళు.

సెంటర్ మూసేశాను. అమ్మ వంట చేయడం మానలేదు గానీ మాట్లాడడం మానేసింది. ఏడవనూ లేదు. పిలిస్తే చూసేది, అంతే. నాన్న అంగట్లోనే కూర్చుని ఉండేవాడు.

కొన్నాళ్ళకు కుప్పం నుంచి కాలేజీ కరస్పాండెంట్ గారు ఫోన్ చేశారు. ఆవిడ చాలా మెత్తగానే మాట్లాడారు. పిల్లలకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి, మీరేమీ అనుకోకపోతే వేరేవాళ్ళను పిలిపించుకుంటామమ్మా అన్నారు. వద్దండీ, నేను వచ్చి చేస్తానన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు. గిరి సగంలో వదిలి వెళ్ళినవాటిలో నేను పూర్తిచేయగలిగింది అదొక్కటే అనిపించింది.

వాడి సీడీలు, వాడు ప్రింటు తీసి పెట్టుకున్న కాగితాలు ముందేసుకుని చదివాను. సెంటర్లో ఒక మిషన్ మీద ఎక్కించాను, చెడగొట్టాను, మళ్ళీ ఎక్కించాను. వాడు బతికుండగా ఒక్కరోజైనా పక్కన కూర్చుని ఉంటే ఈ కాగితాలన్నీ వాడి నోటితో విని ఉండేదాన్ని కదా అనుకునేదాన్ని.

అలా నేర్చుకుని కుప్పం వెళ్ళాను. ల్యాబ్ చూసుకునే మునెప్ప అనే ఆయన తలుపు తీసి, స్టూలు తెచ్చి వేశాడు. ఆయనది శాంతిపురం. గ్రానైటు పాలిష్ పనిలో దుమ్ము పడక మానేసి, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరాడు. గిరి పోయిన తర్వాత చేరినవాడు కాబట్టి వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. నాకు ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు. కంప్యూటర్లు చూసే మేడమ్ అని తప్ప నా గురించి ఆయనకేమీ తెలియదు.

పొద్దుపోయేదాకా కష్టపడ్డాను. పాస్‌వర్డులు మార్చాను, ఫైలు తెరిచి అంకెలు రాశాను, మళ్ళీ స్టార్ట్ చేశాను. తెర ఒకసారి వణికి నల్లబడింది. ఇంకో అంకె వేశాను. నల్లబడింది. ఒక మానిటర్ లోపల టిక్కుటిక్కుమని శబ్దం వచ్చి కాలిన వాసన వేసింది. భయపడి ఆపేశాను. ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు. ఇంకోరోజు వస్తానని చెప్పి బస్సెక్కి, కొంగు నోట్లో కుక్కుకుని పలమనేరు దాకా ఏడ్చాను.

మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో నిర్ణయించుకోలేదు. రెండు వారాలు గడిచాయి. ఒక ఉదయం పుంగనూరు వెళ్దామని మదనపల్లె బస్టాండుకు వచ్చాను. ఎదురుగా కుప్పం బస్సు ఆగి ఉంది. ఉన్నపళంగా అందులో ఎక్కేశాను. కాలేజీకి ఫోన్ చేయలేదు, ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు నేను కుప్పం వెళ్తున్నట్టు ఎవరికీ తెలియదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

చేరేసరికి మధ్యాహ్నమైంది. ల్యాబ్ తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. మునెప్ప గడప దగ్గర బీడీ ఆర్పేసి లేచాడు.

"రాండమ్మా. అంతా అయిపాయ. మీ తమ్ముడు పొద్దన్నే వచ్చి చేసిపోయినాడు."

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "ఎవరు, అన్నా?" అన్నాను.

"మీ తమ్ముడేనమ్మా. మా అక్క మద్యాన్నం వస్తాది, ఆలోపల చేసిపెట్టల్ల, తాళం తియ్యన్నా అనినాడు. తీసినా. ఉలుకూ పలుకూ లేకుండా కూసోని ఒగోటే చేసుకుంటా పోయినాడు. అక్క వచ్చేదాకా ఉండప్పా అంటే, లేదన్నా, బస్సుకు టైమయిందని పోయినాడు. ఇబ్బుడే, అర్దగంట అయ్యుంటాది."

నేను లోపలికి చూశాను. అన్ని తెరలూ వెలుగుతున్నాయి. లినక్స్ బొమ్మలు స్పష్టంగా వచ్చాయి, ఎక్కడా వణుకు లేదు. పిల్లలు కూర్చున్న కుర్చీల దగ్గర మౌస్ కుడివైపుకు లాగేసి ఉంది. చివరి వరుసలో ఇంకా ఎవరూ కూర్చోలేదు. ఆ వరుస మొత్తం మౌస్‌లు కీబోర్డుకు ఎడమవైపున ఉన్నాయి.

ఆ క్షణంలో నేను దేన్ని నమ్ముతానో నమ్మనో నాకు గుర్తు లేదు. చేతిసంచి అక్కడే పడేసి పరిగెత్తాను. కాలేజీ నుంచి బస్టాండు దాకా చీర పట్టుకుని, జనం చూస్తూ ఉండగా పరిగెత్తాను. పలమనేరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. డ్రైవర్‌ని ఆపమని అరిచి ఎక్కాను. ఒక్కో సీటూ చూసుకుంటూ వెనకదాకా వెళ్ళాను. "గిరీ, గిరీ" అని పిలిచాను.

వెనక సీట్లోంచి ఒక ముసలాయన తలెత్తాడు. "యాలమ్మా? నేనే గిరిని" అన్నాడు.

ఆయన పేరూ గిరే. ఆయన ముఖం చూసి నేను పక్కనున్న ఖాళీ సీట్లో కూర్చుండిపోయాను. కండక్టర్ నీళ్ళ సీసా ఇచ్చి, ఎవురమ్మా కావల్ల, యాడికి పోయినాడు అని అడిగాడు. ఏమని చెప్పను? సన్నగా, ఎడమచేత్తో సంచి పట్టుకుని ఒకబ్బాయి వచ్చాడా అని అడిగాను. అంతకుముందు ఒక బస్సు వెళ్ళిపోయింది, దాంట్లో చాలామంది ఎక్కారన్నాడు.

తిరిగి కాలేజీకి వచ్చాను. కరస్పాండెంట్ గారిని అడిగితే, మేమెవరినీ పిలవలేదమ్మా, మీరే పంపారనుకున్నామన్నారు. మిషన్లలో చూశాను. ఆ ఉదయమే ఎవరో లోపలికి వెళ్ళి మానిటర్ల ఫైళ్ళు మార్చినట్టు ఉంది. ఒక్కో మానిటర్‌కి ఒక్కో అంకె, అన్నీ కుదిరినవే. నేను పెట్టిన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. అయితే పాస్‌వర్డ్ లేకుండా లోపలికి పోయే దారి కూడా లినక్స్‌లో ఒకటుంది, తెలిసినవాడికి కష్టం కాదు. కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను. మౌస్‌లనూ చెప్పను. ఎడమచేతి వాటంవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు.

నా పర్సులో గిరి పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఉండేది. మునెప్పకు చూపించాను. ఆయన వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈయప్పేనమ్మా. కాకపోతే దీంట్లో మీసం ఉండాది. పొద్దన వచ్చినప్పుడు లేదు."

మూతిమీద మీసం మొలిచినప్పట్నుంచీ గిరి దాన్ని తీసింది లేదు. తిరుపతి ఆసుపత్రిలో నోట్లో గొట్టం పెట్టి, టేపు అంటుకోవాలని వాళ్ళే గీసేశారు. మీసం లేని మా తమ్ముడి ముఖం ఆసుపత్రిలో మేమూ, పుంగనూరులో ఆ రోజు చివరిచూపుకు వచ్చినవాళ్ళూ తప్ప ఎవరూ చూడలేదు.

వాడు చనిపోయాడని మునెప్పకు చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఒంటరిగా ఆ గది తాళం తీయాల్సిన మనిషి. "అవునన్నా, ఈమధ్యే తీశాడు" అన్నాను.

ఇంట్లో చెప్పాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను. నాన్నకు చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంటే పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. భయపడుతుందనుకున్నాను, లేకపోతే నాకు మతి పోయిందంటుందనుకున్నాను. అమ్మ కాయలు ఒలవడం ఆపి నా వైపు తిరిగింది.

"ఏమన్నా తిన్యాడంటనా ఆడ?"

నేను ఆ మాట అడగనే లేదు. పాస్‌వర్డులు చూశాను, ఫైళ్ళు చూశాను, ఫొటో చూపించాను. ఇది నాకు తట్టలేదు.

మర్నాడు కుప్పం వెళ్ళాను, అది అడగడానికే. అడిగితే మునెప్ప చెప్పాడు.

"టీ తెప్పిస్తానంటే వద్దనినాడమ్మా. నీళ్ళు మాత్రం అడిగినాడు. కుండలోవి ముంచిస్తే చెంబుడూ తాగేసి, ఇంగా కొంచిం పొయ్యన్నా అనినాడు. బలే దప్పిగ్గా ఉన్నెట్టుండాడు."

తిరిగొచ్చి అమ్మకు చెప్పాను.

"సల్లంగా ఉన్నెంటనా నీళ్ళు?" అంది.

"కుండలోవేనమ్మా" అన్నాను.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. వీపు కదులుతూ ఉంటే ఏడుస్తోందని తెలిసింది. వాణ్ణి తీసుకెళ్ళినప్పట్నుంచీ అమ్మ ఏడవడం అదే మొదలు. నేను పక్కనే పడుకుని వీపుమీద చెయ్యి వేశాను. సాయంత్రం దాకా ఇద్దరం లేవలేదు.

ఆ ల్యాబ్ చాలా ఏళ్ళు నడిచింది. ఆ మానిటర్లు నాకెందుకు లొంగలేదో తర్వాత నేర్చుకున్నాను. ఇప్పుడైతే కళ్ళు మూసుకుని చేస్తాను. ఆ ఉదయం వచ్చి వాటిని సరిచేసింది ఎవరో మాత్రం కనుక్కోలేకపోయాను. కుప్పంలో, పలమనేరులో, మదనపల్లెలో లినక్స్ తెలిసినవాళ్ళందరినీ అడిగాను. అందరూ కలిసి చేతివేళ్ళకు సరిపోయేంతమంది. నేను కాదంటే నేను కాదన్నారు. మా అక్క వస్తుందని అతనెందుకు అన్నాడో, వస్తానని నాకే తెలియని రోజున అతనికెలా తెలుసో, ఏ లెక్కకూ అందదు.

నమ్మకం సంగతి పక్కన పెట్టండి. గంట ముందు వచ్చే బస్సు ఒకటి ఉండేది. దాంట్లో వెళ్ళి ఉంటే, అతనెవరైనా సరే, వాడు పని చేసుకుంటూ ఉంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని.